సున్నం బొట్టు పెట్టిన రాళ్లు

ప్రొద్దుటూరులో ఒక సైకిల్ షాపు మిద్దె మీద మా సంఘానికి గది ఉండేది. తలుపు పైన నీలం రేకు మీద 'అన్వేషణ సంఘం' అని తెల్లక్షరాలతో రాయించుకున్నాం. ఆ మాట ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. మమ్మల్ని రాళ్లోళ్లు అనేవారు. ఆదివారం తెల్లవారుజామున సైకిళ్లు దింపుకుంటుంటే, బంగారం అంగళ్ల ముందు నీళ్లు చల్లేవాళ్లు "ఏమప్పా, ఈ వారం ఏ రాయికి పెండ్లి?" అని అడిగేవాళ్లు. నేను తాలూకా కచేరీలో గుమాస్తాను కాబట్టి నా దగ్గర ఎగతాళి కొంచెం తగ్గించేవారు. మా బావ బడిపంతులు కాబట్టి ఆయన్ను మొహం మీదే అనేవారు. ఆయన నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

బావంటే మా అక్క మొగుడు. హైస్కూల్లో తెలుగు చెప్పేవాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఈ సంఘం పెట్టింది ఆయనే. కొత్త రాష్ట్రం వచ్చిన ఊపులో అందరికీ ఏదో ఒకటి చెయ్యాలనిపించేది. మొదట్లో ఒక ప్లీడరు, ఒక కాంపౌండరు, బ్యాంకులో పనిచేసే ఒకాయన, కింద సైకిల్ షాపు సాయిబు, ఇంకా ఇద్దరు ముగ్గురు చేరారు. ఒక్కొక్కరికి ఒక పిచ్చి. ప్లీడరుకు కోటలు కావాలి. కాంపౌండరుకు గుహలు కావాలి, కానీ గబ్బిలాల కంపుకు తుమ్ములు ఆగేవి కావు. సాయిబుకు పాత బావులంటే ఇష్టం, ఎంత లోతైనా మోకు పట్టుకుని దిగేవాడు. బావకు అక్షరాలు కావాలి, రాతి మీద చెక్కిన పాత తెలుగు అక్షరాలు. నాకు సైకిల్ తొక్కడమూ, ఆదివారం ఇంట్లో లేకపోవడమూ చాలు.

జమ్మలమడుగు దాటి గండికోట దాకా పోయేవాళ్లం. పెన్న లోయ అంచున కూర్చుని జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తినేవాళ్లం. వల్లూరు పొలాల్లో వాన కురిసిన మర్నాడు పూసలు ఏరేవాళ్లం. పులివెందుల వైపు గుట్టల్లో దారి తప్పి, ఒక గొర్రెల కాపరి వెంట నడిచి బయటపడ్డాం. ఆ సంవత్సరాల్లో నేను సంతోషంగానే ఉన్నానని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు ఎండను, రోడ్డును తిట్టుకుంటూ గడిపాను.

రాజధాని హైదరాబాదుకు పోయాక మా ఊపు కూడా ఎటో పోయింది. ప్లీడరుకు రాజకీయాలు వచ్చాయి. బ్యాంకాయనకు బదిలీ అయింది. కాంపౌండరు ఆదివారం కూడా మందులు అమ్ముకోవడం మొదలుపెట్టాడు. చివరికి బావ, సాయిబు, నేను మిగిలాం. రేకు బోర్డు కూడా ఒకవైపు మేకు ఊడి వేలాడేది, ఎవరమూ సరిచెయ్యలేదు.

అప్పటికి బావ కళ్లు పోవడం మొదలైంది. నీరుకాసులు. కర్నూలులో కంటి డాక్టరు చూసి, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది మెల్లగా పోతుంది అని చెప్పాడు. ఆ మాట విని బస్సులో వస్తూ బావ నాతో ఒక్కటే అడిగాడు. "రాతి మీద అక్షరాలు వేలితో చదవొచ్చు గదా, అబ్బీ?" నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆయన ఏ శాసనం దొరికినా కళ్లు మూసుకుని వేళ్లతో చదవడం నేర్చుకున్నాడు. అరిగిపోయిన గీతల్లో ఏది అక్షరమో ఏది రాతి పగులో ముందు కళ్లతో చూసుకునేవాడు, తర్వాత మూసుకునేవాడు.

సున్నం బొట్టు ఆచారం కూడా ఆ కళ్ల వల్లే వచ్చింది. దొరికిన రాయిని మరోసారి పోయి చూడాలంటే బావకు ఆనవాలు దొరికేది కాదు. నల్లరాయి, ఎర్రనేల, తుమ్మచెట్టు, అన్నీ ఆయనకు ఒకటే మసకగా కలిసిపోయేవి. తెలుపు ఒక్కటే దూరం నుంచి కనబడేది. అందుకని ఏ రాయి దొరికినా దాని నెత్తిన పలకంత వెడల్పున సున్నం పూసి రావాలని నియమం పెట్టాడు. సాయిబు సున్నంలో గంజి కలిపి, రేకు డబ్బాలో పోసి, హ్యాండిల్‌కు కట్టుకుని తెచ్చేవాడు. "గంజి పోసిన సున్నం, అయ్యోరా. పది వానలు కురిసినా పోదు" అనేవాడు. బొట్టు పెట్టాక బావ ఇరవై ముప్పై అడుగులు వెనక్కి నడిచి, తిరిగి చూసి, "కనపడ్తాండాది" అనేవాడు. ఆ మాట అంటేనే మాకు ఆ రోజు పని అయిపోయినట్టు.

జమ్మలమడుగు నుంచి పులివెందుల పోయే దారిలో, రోడ్డుకు బాగా లోపల, ఒక చెనిక్కాయ చేలో, అదే వేరుశెనగ చేలో, ఆ రాయి దొరికింది. సగానికి పైగా భూమిలో కూరుకుపోయి ఉంది. పైకి కనబడిన భాగంలో అక్షరాలు మేము ఎక్కడా చూడనంత పాతవి. సాయిబు నీళ్లు పోసి కొబ్బరిపీచుతో కడిగాడు, నేను సుద్దపొడి రుద్దాను, బావ మొహం రాతికి ఆనించి ఒక్కొక్క అక్షరం చదివాడు. ఎవరో చెరువు తవ్వించి, దాని కింద భూమి ఇచ్చిన సంగతి. ఇచ్చినవాడి పేరు కూడా ఉంది. నేను సంబరపడి "పేరు దొరికింది గదా బావా, ఇంకేం కావాల?" అన్నాను.

"ఇచ్చినోని పేరు యాడైనా ఉంటాది" అన్నాడు. "ఈ అక్షరాలు చెక్కినోడు ఒకడున్నాడు గదా. ఈ ఎండలో ఈడనే కూచ్చోని చెక్కింటాడు. వాని పేరు కడాన ఉంటాది, అబ్బీ, అన్నిటికంటే అడుగున. అది చదవాల. కండ్లు పొయ్యేలోగా ఆ ఒక్కటి చదివితే చాలు నాకు."

ఆయన జీవితమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించినవాడు. ఎవరికీ గుర్తుండని పని అది. ఆ చెక్కినవాడి పేరు ఎందుకు కావాలో నాకు అప్పుడే అర్థమైంది.

గడ్డపార తీసేసరికి చేను రైతు పరిగెత్తుకుంటూ వచ్చాడు. మంచివాడే. "చేను మీద ఉండాదప్పా. ఇప్పుడు తవ్వితే నా చెనిక్కాయ పోతాది. పెరికినంక రాండి, నేనే పార తీసుకోని వస్తా" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పులేదు. ఆ వానకు వేసిన పంట, అదొక్కటే ఆధారం. బావ సరేనన్నాడు. సాయిబు రాయి నెత్తిన సున్నం పూశాడు, మామూలుకంటే పెద్దగానే. బావ వెనక్కి నడిచి చూసి "కనపడ్తాండాది" అన్నాడు.

పంట పెరికేదాకా ఆగడం మాకు ఏమంత కష్టం కాదు. బావకు కష్టం. ఆ రోజుల్లో ఆయన బడిలో నల్లబల్ల మీద రాసింది తనకే కనబడక, పిల్లలతో చదివించుకుని తప్పొప్పులు చెప్పేవాడు. గడప తగిలి పడ్డాడు. ఇంట్లో ఉన్నంతసేపూ రుబ్బురోలు మీద, మెట్ల మీద వేళ్లు తిప్పుతూ కూర్చునేవాడు. అక్క ఒకరోజు నా ముందరే అంది. "కండ్లు బాగుండినప్పుడు ఇంట్లో మా మొగాలు చూడల్యా. పొయ్యే ముందర కూడా రాయే చూస్తానంటాండాడు." అక్క కోపంలో న్యాయం ఉంది.

చెనిక్కాయ పెరికారని కబురు తెలిసి వెళ్లాం. బావను సాయిబు వెనక కూర్చోబెట్టుకున్నాడు, అప్పటికి ఆయన సొంతంగా సైకిల్ తొక్కడం మానేశాడు. చేలోకి దిగగానే బావ ఆగి, ఎప్పటిలాగే చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని తెలుపు కోసం వెతికాడు. "కనపడ్ల్యా, అబ్బీ" అన్నాడు. తన కళ్ల లోపమే అనుకున్నాడు. నాకు, సాయిబుకు కూడా కనబడలేదు. రాయి ఉండాల్సిన చోట ఒక గుంత ఉంది. గుంత చుట్టూ ఎండిపోయిన నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు.

రైతు దూరం నుంచే తల దించుకుని వచ్చాడు. "మీరు పొయ్యినంక నాలుగూర్ల జనం వచ్చి సూసిపోయినారప్పా. ప్రొద్దుటూరోళ్లు, అదీ బడి అయ్యోరు, అంత దూరం నుంచి వచ్చి బొట్టు పెట్టిపోయినారంటే ఊరికే పెడ్తారా అన్న్యారు. కింద బంగారు ఉండాదని తవ్వినారు. కింద ల్యాకపోయేసరికి రాయి లోపల ఉంటాదని సమ్మెటతో కొట్టినారు. నేను యాడని కాపలా ఉండేది?"

"ఆ ముక్కలేం చేసినావు?" అని అరిచాను. నేను అంత గట్టిగా అరవడం బావ కూడా ఎప్పుడూ విని ఉండడు.

"పగిలిన రాయి ఏం చేసుకోవాల్నప్పా? బాయి గట్టుకు పరిచినా. కొన్ని రోడ్డు కంకరకు తోలుకపోయినారు."

బావిగట్టు మీద బావ మోకాళ్లు వంచి కూర్చున్నాడు. సాయిబు బావిలో నుంచి నీళ్లు చేది ఒక్కొక్క ముక్క కడిగాడు. చాలా ముక్కల మీద ఏమీ లేదు, కొన్నిటి మీద అరక్షరాలు. ఒక్క ముక్క మాత్రం పెద్దది, రెండు చేతులు పట్టేంత. దాని మీద వరస పూర్తిగా ఉంది. బావ దాన్ని చూడ్డానికి కూడా ప్రయత్నించలేదు. కళ్లు మూసుకుని వేలు పెట్టాడు.

"దీన్ని చెరిపినోడు" అని చదివాడు. మళ్లీ మొదటినుంచి వేలు నడిపాడు. "పంచమహాపాతకాలు చేసినోడు అవుతాడు." ప్రతి శాసనం చివరా ఉండే మాటే అది, ఆయన మాకు ఎన్నోసార్లు చెప్పాడు. ఆ శాపం అయ్యాకే చెక్కినవాడి పేరు వస్తుంది. ఆయన వేలు కింది వరసకు దిగింది. "చెక్కినోడు" అన్నాడు. మొహం ఒక్కసారిగా వెలిగింది, అది నేను చూశాను. వేలు ఇంకొంచెం జరిగింది, రాయి అయిపోయింది. విరిగిన అంచు మీద ఆయన వేలు అట్లాగే ఆగింది.

మధ్యాహ్నం దాకా గట్టంతా వెతికాం. సాయిబు బావిలోకి దిగి వెతికాడు. రైతు తన కొడవలి పక్కన పెట్టి మాతో పాటు ప్రతి ముక్కా తిప్పిచూశాడు. ఏ ముక్కా ఆ అంచుకు అతకలేదు. ఆ పేరు పులివెందుల రోడ్డులో ఏ చక్రాల కిందో ఉంది.

"దొంగనాయాండ్లు. ఆ పాపం వాళ్లకే తగలాల" అన్నాను.

"వాళ్లకు చదవను రాదు అబ్బీ, వాళ్లకేం తగుల్తాది" అన్నాడు బావ. "చోటు చూపిచ్చింది నేను. నా బొట్టు ల్యాకుంటే అది ఇంగా వెయ్యేండ్లు ఆడనే ఉండేది."

"నీ కండ్ల కోసం పెట్టుకున్న్యావు బావా, పాపమెట్లయితాది?"

తిరిగి వచ్చేటప్పుడు ముద్దనూరు దగ్గర టీ తాగుతూ, మేము బొట్టు పెట్టిన రాళ్లన్నీ ఒక్కొక్కటి తుడిచేయాలని చెప్పాడు. తుడిస్తే నీకు మళ్లీ ఎట్లా దొరుకుతాయి అని సాయిబు అడిగాడు. "నాకు దొరక్కపోయినా పర్వాల్యా" అన్నాడు. సాయిబు తాగుతున్న గ్లాసు సగంలోనే కింద పెట్టేశాడు.

ఆ చలికాలమంతా మా సంఘం చేసిన పని అదే. ఏండ్ల తరబడి వెతికి గుర్తుపెట్టిన చోట్లకు మళ్లీ పోయి, సాయిబూ నేనూ ఇనుప రేకుతో గీకి గుర్తు చెరిపేయడం. కొన్ని చోట్ల మాకంటే ముందే గుంతలు పడి ఉన్నాయి. ఆ గుంతలను చూస్తే నాకు అసహ్యం వేసేది, మనుషుల మీద, మా మీద, ఆ నీలం బోర్డు మీద కూడా. ఎవరూ పట్టించుకోని రాళ్లను మేము పట్టించుకోవడం వల్లే అవి పోయాయి. ఇందులో ఓదార్పు ఎక్కడా లేదు, నేను వెతికాను.

ఆఖరి రాయి తుమ్మలపల్లె దాటాక ఒక గుట్ట మొదట్లో ఉంది. దాన్ని బావే తుడుస్తానన్నాడు. గోనెపట్ట తడిపి ఇచ్చి, చేతులు పట్టుకుని రాయి మీద ఆనించాం. ఆయన చెమటలు కారేటట్టు రుద్దాడు. ఇసుక వేసి రుద్దాడు. మళ్లీ మళ్లీ రుద్దాడు. అరచేతి తోలు లేచేదాకా రుద్ది, పట్ట నా చేతికిచ్చి, అలవాటు ప్రకారం అడుగులు వేసుకుంటూ వెనక్కి నడిచాడు. రాయి వైపు తిరిగి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"కనపడ్ల్యా. బాగా పోయింది" అన్నాడు.

సాయిబు నా వైపు చూశాడు. గంజి పోసిన సున్నం, ఒక్క పొర కూడా లేవలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ బొట్టు పెట్టిన నాటి కంటే తెల్లగా మెరుస్తూ ఉంది.