గరుసుబాట మీద లింఫు సీసా

1962 మార్చిలో నన్ను అల్లూరు నుంచి ఉదయగిరి కొండల కింద ఉన్న ఒక సబ్ సెంటరుకు మార్చినారు. హోదా వ్యాక్సినేటరు, అంటే మశూచికి టీకాలు వేసేవాడు. నా పైన హెల్త్ ఇన్‌స్పెక్టరు, ఆయన పైన డాక్టరు. నేను ఐదో తరగతితో బడి మానినవాడిని. ఇంగ్లీషులో ఉన్న టీకాల మాన్యువల్‌ను నిఘంటువు పక్కన పెట్టుకుని, మాట మాటా విప్పుకుని చదివినాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నా పైవాళ్లలో దాన్ని చివరిదాకా చదివినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

టీకా మందును లింఫు అనేవాళ్లం. సన్నటి గాజు గొట్టాల్లో వచ్చేది. దానికి చల్లదనమే ప్రాణం. ఎండ తగిలితే చచ్చిపోతుంది, కానీ చూడ్డానికి మాత్రం బతికున్నట్టే ఉంటుంది. వారానికోసారి బస్సులో ఐసు ముక్కల మధ్య దిగేది. దాన్ని ఫ్లాస్కులో పెట్టి, ఫ్లాస్కుకు తడిగుడ్డ చుట్టి, సైకిలు హ్యాండిల్‌కు తగిలించుకుని పల్లెలకు పోవాలి. జబ్బ మీద ఒక చుక్క వేసి పళ్లచక్రం లాంటి లాన్సెటును తిప్పాలి. ఎనిమిదో రోజు మళ్లీ పోయి పొక్కు పొడిచిందా లేదా చూసి రిజిస్టరులో రాయాలి. పొడవకపోతే ఆ టీకా లెక్కలోకి రాదు.

కొండ అవతల నెమలిగుండం అని ఇరవై గుడిసెలు ఉండేవి. వెదురు కొట్టుకుని బతికేవాళ్లు. పైవాళ్లు రాసిచ్చిన టూరు ప్రోగ్రాము ప్రకారం నేను కంకర రోడ్డు పట్టుకుని కొండ చుట్టూ తిరిగి పోవాలి. నెత్తిన చెట్టు అన్నది లేని రోడ్డు. మొదటిసారి నేను చేరేటప్పటికి ఫ్లాస్కులో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. ఎనిమిదో రోజు పోతే ఒక్క జబ్బ మీదా పొక్కు లేదు. ఇన్‌స్పెక్టరు నా ఫైలులో 'పనితనం చాలదు' అని రాసినాడు. నాకప్పటికి ఉద్యోగం ఖాయం కాలేదు. లాన్సెటు తప్పు కాదు, లింఫు దారిలో చచ్చింది అని చెప్పుకున్నాను. దారికీ టీకాకూ ఏమి సంబంధమయ్యా అన్నాడాయన. మాన్యువల్‌లో ఫలానా పేజీ అన్నాను. ఆ మాటతో ఇంకా చెడింది.

అంతలో నెమలిగుండానికి ఆరు మైళ్ల దూరంలో మశూచి కనబడిందని కబురు.

మా సబ్ సెంటరు ఎదురుగా మస్తాన్ సాయిబుకు సైకిలు షాపు. కొండ నడుమగా పాత గరుసుబాట ఒకటి ఉందని చెప్పింది ఆయనే. ఎర్రమట్టీ గులకా కలిపి పరిచిన బండ్ల దారి. వెదురు కొట్టే కాలంలో తప్ప దాని మీద మనిషి అలికిడి ఉండదట. దూరం సగమే, పైగా పొడుగునా నీడ. "సముద్రం పక్క పుట్టినోడివి, కొండెక్కితే దిగడం తెలుసునా అన్నా?" అని నవ్వినాడు. దిగకపోతే అక్కడే ఉంటాలే అన్నాను.

లింఫు వచ్చిన మర్నాడు, వెలుగు రాకముందే బయలుదేరినాను. ప్రోగ్రాములో లేని దారి అది. తెలిస్తే సంజాయిషీ తప్పదు.

ఆ పొద్దుటిపూట ఇప్పటికీ నాలో పూర్తిగా తెల్లారలేదు. మంచు బాట మీద పరుచుకుని, ముందు చక్రం ఒక్కటే కనబడేది. చక్రం కింద గులక సన్నగా పలికేది, దూరాన ఎవరో పప్పు వేయిస్తున్నట్టు. ఇప్పపూల వాసన ఒక మలుపులో వచ్చి, ఇంకో మలుపులో పోయి, మళ్లీ వచ్చేది. మోదుగచెట్లు ఆకు లేకుండా ఎర్రగా నిలబడి ఉన్నాయి. ఎక్కుతున్నానో దిగుతున్నానో కాళ్లకు తప్ప కళ్లకు తెలియలేదు. పుట్టినప్పటి నుంచి వరిమళ్లూ ఇసుకా తప్ప ఎరగనివాణ్ణి, నేల ఇట్లా లేచి పడుకుంటుందని ఆ రోజే చూసినాను. అడుగడుక్కీ ఫ్లాస్కు మీద చెయ్యి వేసి చూసుకునేవాణ్ణి. చల్లగానే ఉంది.

తప్పు నేనే చేసినాను. బాట ఒకచోట ఎండిన వాగు దాటుతుంది. ఇసుక కనబడేసరికి, అల్లూరు తీరంలో చేసే అలవాటు కొద్దీ రెండు టైర్లలో సగం గాలి వదిలేసినాను. ఇసుకలో మెత్తటి చక్రం కూరుకుపోదు, హాయిగా పోతుంది. వాగు దాటినాక కూడా ఆ మెత్తదనం బాగుందనిపించి గాలి కొట్టలేదు. మొదటి దిగుడులోనే వెనక చక్రం రాతి మీద పడి, ట్యూబు రిమ్ముకూ రాయికీ నడుమ నలిగి రెండుచోట్ల తెగింది. గులకలో గాలి తక్కువైతే ఇట్లా అవుతుందని తీరంవాడికి ఎట్లా తెలుస్తుంది? అతుకు సామాను కూడా తేలేదు.

నడిస్తే పొద్దెక్కుతుంది. పొద్దెక్కితే లింఫు పోతుంది. ఫ్లాస్కును చెట్టు మొదట్లో పెట్టి చుట్టూ చూసినాను. నడుమెత్తు బోదగడ్డి. వరిగడ్డితో వెంటి, అంటే గడ్డితాడు, పేనడం మా ఇళ్లలో చూడకుండానే చెయ్యి చేసుకుపోయే పని. ట్యూబు లాగేసి, బోదగడ్డిని రెండు వేళ్ల మందాన వెంటిగా పేని, టైరు లోపల చుట్టూ కూరినాను. సైకిలు కుంటుతూ నడిచింది. నెమలిగుండం చేరేటప్పటికి ఎండ గుడిసెల కప్పుల మీదికి ఇంకా రాలేదు. ఫ్లాస్కు తెరిస్తే లోపల గోరంత ఐసు ముక్క మిగిలి ఉంది.

కానీ జబ్బ చాపేవాళ్లు లేరు. చెంచమ్మ అనే ఆమె, చంకన బిడ్డతో వచ్చి నా సైకిలు చక్రంలోంచి వేలాడే గడ్డి చూసింది. దీన్ని మేపుకుంటా వచ్చినావా అని అడిగింది. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినాను. ఆమె మాత్రం నవ్వడం ఆపి అన్నది:

"పోయినసారి గీకినావు, ఏమీ పొడవలేదు. ఈసారి నా బిడ్డకు ఒక్కడికే గీకు. పొడిస్తే అందరూ వస్తారు. పొడవకపోతే ఈ దిక్కుకు రావద్దు నాయనా."

ఒక్క బిడ్డకు వేసి, ఫ్లాస్కు మూసి వచ్చేసినాను. ఐసు కరిగి మిగతా గొట్టాలు వృథా. ఆ ఎనిమిది రోజులూ మశూచి ఏ పల్లెకు జరుగుతోందో వింటూ కూర్చున్నాను.

ఎనిమిదో రోజు అదే బాటన, కొత్త ట్యూబుతో, టైర్లలో నిండా గాలితో, ఆ వారం వచ్చిన లింఫుతో పోయినాను. చెంచమ్మ బిడ్డ జబ్బ తిప్పి చూపింది. ముత్యమంత పొక్కు, నడుమ చిన్న గుంట. మాన్యువల్‌లో బొమ్మ వేసినట్టే ఉంది. ఆమె వెనక గుడిసెలవాళ్లందరూ అప్పటికే వరసకట్టి ఉన్నారు. మశూచి ఆ వేసవిలో కొండ అవతలి దాకా వచ్చింది గానీ నెమలిగుండంలో కాలు పెట్టలేదు.

ఇన్‌స్పెక్టరు రిజిస్టరు చూసి, ఈసారి మందు మంచిది వచ్చినట్టుందే అన్నాడు. పోయినసారి మాటేమిటని అడిగితే రిజిస్టరు మూసి పక్కన పెట్టినాడు. ఆలస్యంగా ఉద్యోగం ఖాయం చేసినారు. 'పనితనం చాలదు' అన్న ముక్క మాత్రం నేను రిటైరయ్యేదాకా ఫైలులోనే ఉండింది. దాన్ని కొట్టేయడానికి వాళ్లకు ఒక కలంపోటు బరువైంది.

ఆ ఉదంతం నేర్పింది ఇంతే. టూరు ప్రోగ్రాములో మైళ్లకు గడి ఉంది, నీడకు లేదు. ఆ తర్వాత నేను తిరిగిన ప్రతి దారికీ, ఏ మలుపులో ఏ గంటదాకా నీడ ఉంటుందో మైళ్ల పక్కన పెన్సిలుతో రాసుకున్నాను. ఇంకుతో రాస్తే సంజాయిషీ అడుగుతారు.