తిరిగొచ్చిన పేలిక

ఈమధ్య నన్నూ పిలుస్తున్నారు. అనంతపురంలో కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ళకు శిక్షణ ఇచ్చే హాలు ఒకటుంది. ఒకప్పుడు నేను కూర్చున్న కుర్చీలకు ఎదురుగా ఇప్పుడు నన్ను మైకు పట్టుకొని నిలబడమంటున్నారు. మీరు నేర్చుకున్న మొదటి పాఠం ఏమిటి మేడమ్ అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. రాయదుర్గంలో నాకు పని నేర్పిన పెద్దాయన గురించి, ఆయన గోడకు వేలాడే పాత చీర పేలికల గురించి చెబుతాను. వాళ్ళు శ్రద్ధగా రాసుకుంటారు. నేను సగం చెప్పి ఆపేస్తున్నానని వాళ్ళకు తెలియదు. ఆ రెండో సగం ఇక్కడ రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందటి మాట. మాది యాడికి అనే ఊరికి దగ్గర ఒక పల్లె. నాయనది ఆకాశం వైపు చూసే సేద్యం. వేసిన విత్తనమైనా ఇంటికి రాని ఏళ్ళు మాకు కొత్తేమీ కాదు. పని లేని దినాల్లో అమ్మ ఉత్తినే చేటలో బియ్యం మళ్ళీ మళ్ళీ చెరుగుతూ కూర్చునేది. నేను ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో మూడేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చొని, ఒకరి కింద పని నావల్ల కాదని వచ్చేశాను. నా నోటికీ నా కోపానికీ ఉద్యోగం పొసగదని అమ్మ ముందే చెప్పింది. సొంతంగా స్టార్టప్ పెడతానంటే, పెట్టు గానీ తెలిసినవాళ్ళ కాడ నేర్చుకొని పెట్టు అన్నాడు నాయన. అలా ఆ శిక్షణలో చేరాను.

అక్కడ పాఠాలు చెప్పింది పంతుళ్ళు కాదు, ఈ చుట్టుపక్కల వ్యాపారం చేసి నిలదొక్కుకున్నవాళ్ళు. నూనె మిల్లు యజమాని ఒకాయన జేబులోంచి నాలుగు వేరుశెనగ కాయలు తీసి, అందరి ముందూ ఒలిచి నమిలి, గింజ రుచి తెలియనివాడు నూనె అమ్మకూడదని చెప్పి కూర్చున్నాడు. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన గంటసేపు మాట్లాడాడు. నాకు గుర్తున్నదల్లా ఆయన చొక్కా ఇస్త్రీ. మూడో ఆయన రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టించే యూనిట్ నడిపే ముస్లిం పెద్దాయన. అందరూ భాయ్ అంటారు. మైకు పట్టుకోవడానికి మొహమాటపడి ఆయన చెప్పింది ఒక్కటే మాట.

"మిషన్లు కొనేది యాపారం గాదప్పా. ఈ పొద్దు మిషన్ కాడ కూర్చున్న మనిషి రేపు గూడా వచ్చి కూర్చునేట్ల చేసుకునేది యాపారం."

ఒక్కొక్కరం ఒక్కో వ్యాపారి దగ్గర నెల రోజులుండి పని చూడాలి. ఆఖర్న మా స్టార్టప్ ప్లాన్ తయారుచేసి ఆ పెద్దల ముందే వినిపించాలి. నేను భాయ్‌ను ఎంచుకున్నాను.

ఆయన యూనిట్‌లో ప్యాంట్లు కుట్టడం వరకే జరుగుతుంది. కుట్లకు వేలాడే దారాలను కత్తిరించే పని ఇళ్ళకు పోతుంది. వెనక వీధుల్లో ఇరవై రెండిళ్ళ ఆడవాళ్ళు ఆ పని చేస్తారు. కట్టలు ఆటోలో పోయి ఆటోలో తిరిగొస్తాయి. ఏ కట్ట ఏ ఇంటిదో తెలియడానికి భాయ్ చీటీలు అంటించరు. ప్రతి ఇల్లూ పనిలో చేరిన రోజే తమ పాత చీరలోంచి ఒక పేలిక చింపి ఇస్తుంది. ఆ ఇంటి కట్టను ఆ పేలికతోనే కట్టి పంపుతారు. పని అయ్యాక వాళ్ళూ దానితోనే కట్టి ఇస్తారు. కట్టలు లేనప్పుడు పేలికలు యూనిట్ గోడకు మేకుల మీద వేలాడుతుంటాయి. ఏ పేలిక ఎవరిదో ఆ వీధుల్లో చిన్న పిల్లలు కూడా చెప్తారు.

పని పంచేది వంతుల ప్రకారం. ఆర్డర్ తక్కువుంటే కట్టలు చిన్నవవుతాయి గానీ ఏ ఇంటి వంతూ తప్పదు. చురుకైన ఇల్లని రెండు కట్టలు పంపడం, నిదానమైన ఇల్లని ఆపడం ఆయన దగ్గర లేదు. నాకు ఇదంతా చూస్తే ఒళ్ళు మండేది. ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక వేసి, ఏ పేలిక ఎన్ని గంటలకు తిరిగొస్తుందో రాయడం మొదలుపెట్టాను.

పట్టికలో ఎప్పుడూ అడుగున ఉండేది నెమలికంఠం రంగు పట్టు పేలిక. అది ఒక అవ్వది. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టి రాయదుర్గానికి కోడలుగా వచ్చిన మనిషి. భర్త పోయాడు, కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. అందరూ ఒక రోజులో ఇచ్చే కట్టను ఆమె మూడు రోజులకు ఇచ్చేది. ఆ నిదానం వెనక గొప్ప పనితనమేదైనా ఉందేమోనని తర్వాత నేను చాలా వెతికాను. ఉంటే ఈ కథ అందంగా ఉండేది. ఏమీ లేదు. చూపు తగ్గింది, చేతులు నెమ్మదించాయి, అంతే.

నా స్టార్టప్ ప్లాన్ అక్కడే పుట్టింది. ఇళ్ళకు మార్కులు వేసే యాప్ ఒకటి తయారుచేయాలి. ఏ యూనిట్ యజమాని అయినా ఫోన్‌లో చూసుకొని మార్కులు ఎక్కువున్న ఇళ్ళకే పని పంపుకోవచ్చు. భాయ్‌కు నా ఫోన్‌లో నమూనా చూపించాను. కళ్ళు చికిలించుకొని చాలాసేపు చూసి, బాగుండాదమ్మా, మార్కులు తక్కువొచ్చినోళ్ళు ఏం జెయ్యల్ల మరి అని అడిగారు. అది ప్లాన్‌లోకి రాదని చెప్పాను. ఆయన నా ఫోన్ నా చేతికిచ్చేశారు.

మూడో వారంలో ఆయన కంటి ఆపరేషన్‌కు అనంతపురం వెళ్ళారు. జీన్స్ గుడ్డ నుంచి రేగే దుమ్ము తగలకూడదని పది రోజులు అక్కడే బంధువుల ఇంట్లో ఉండమన్నారట. కట్టలు పంచే పని నాకప్పగించి పోయారు. కోతికి కొబ్బరికాయ చిక్కినట్లయింది. మొదటి రోజే వంతులు తీసేసి పదమూడిళ్ళకే పని పంపాను. తక్కిన తొమ్మిది పేలికలు మేకులకు ఊరికే వేలాడుతుంటే చూడ్డానికి చిరాకనిపించింది. తీసి మడిచి, ఎవరివి వాళ్ళకిచ్చేయమని ఆటోలో పెట్టాను.

ఆటో అన్న బండి తీయలేదు. ఇవి పంపేది గాదమ్మా, భాయ్ వచ్చినాంక సూస్తాం అన్నాడు. భాయ్ నాకప్పగించి పోయినారు, నువ్వు చెప్పిన పని చెయ్యన్నా అని గద్దించాను. బండి తీసుకొని పోయాడు.

మరుసటి రోజు పొద్దున అవ్వ యూనిట్ గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో పేలిక. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఎన్ని తక్కువొచ్చినాయమ్మా నా ఇంటినుంచి?" అంది.

నాకు అర్థం కాలేదు. ఏమీ తక్కువ రాలేదవ్వా, నువ్వు నిదానంగా చేస్తావు కదా, పని ఎక్కువున్నప్పుడు పిలుస్తాను అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది, నేను అబద్ధమాడుతున్నానేమో అన్నట్లు.

"నిదానమైతే నిదానమని చెప్పల్ల. దానికి పేలిక పంపుతారా ఎవురైనా?"

ఆమె వెళ్ళాక ఆటో అన్న చెప్పాడు. కట్టలోంచి ప్యాంట్లు దాచుకున్నారని తేలితే భాయ్ అరవడు, పోలీసుల దాకా పోడు, నలుగురిని పిలిచి పంచాయితీ పెట్టడు. ఆ ఇంటి పేలికను ఆ ఇంటికి పంపేస్తాడు. ఇన్నేళ్ళలో రెండుసార్లు జరిగిందట. రెండిళ్ళవాళ్ళూ ఊరొదిలి వెళ్ళిపోయారు. ఆ వీధిలో పేలిక ఇంటికొచ్చిందంటే దొంగ దొరికిందని అర్థం. నేను ఒకే రోజు తొమ్మిదిళ్ళ మీద ఆ ముద్ర వేశాను. అవ్వను ఆ పొద్దు వీధి కుళాయి దగ్గర ఎవరూ పలకరించలేదని, కోడలు పుట్టింటివాళ్ళకు ఫోన్ చేసి ఏడ్చిందని కూడా అతనే చెప్పాడు.

నాకు తెలియదు అని ఇక్కడ రాసి తప్పించుకోవచ్చు. కానీ భాయ్ చెప్పనే చెప్పారు. నా నోటుబుక్కులో మూడో రోజు పేజీలో నా చేత్తోనే ఉంది: పేలిక వెనక్కి పంపితే తీసేసినట్లు. ఎందుకు తీసేస్తారో ఆయన చెప్పేటప్పుడు నేను పట్టికలో గడులు సరిచేసుకుంటున్నాను.

అయినా దాన్ని పొరపాటు అనుకోవచ్చు. ఆ తర్వాత చేసింది పొరపాటు కాదు. విషయం తెలిసిన గంటలోనే తొమ్మిదిళ్ళకూ పోయి, తప్పు నాదని చెప్పి, పేలికలు తెచ్చి మేకులకు తగిలించి ఉండాల్సింది. నడిస్తే పది నిమిషాల దూరం. కానీ వాళ్ళకు మళ్ళీ కట్టలు పంపితే నా లెక్క చెడిపోతుంది. పదమూడిళ్ళతో ఆర్డర్ ఎంత తొందరగా అవుతుందో చూపించడమే నా ప్లాన్‌కు ప్రాణం. వినిపించాల్సిన రోజు ఇంకా వారం ఉంది. ఆ వారం గడవనీ, తర్వాత సర్దుకుందాం అనుకున్నాను. పని లేని దినాల్లో చేట పట్టుకొని కూర్చున్న అమ్మను చూసి పెరిగినదాన్ని, ఆ మాట ఎలా అనుకోగలిగానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. వారమంతా అవ్వ ఇంటి వైపు వీధిలోకి పోకుండా చుట్టు తిరిగి వెళ్ళాను.

ఆ రోజు రానే వచ్చింది. భాయ్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని బంధువుల ఇంటి నుంచి నేరుగా హాలుకు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. కన్ను మానేదాకా కదిలించొద్దని ఎవరూ ఫోన్ చేయలేదు, ఊళ్ళో జరిగింది ఆయనకు తెలియదు. నేను గలగలా మాట్లాడాను. పట్టికలు తెర మీద వేశాను. చప్పట్లు కొట్టారు. చప్పట్లయ్యాక నూనె మిల్లాయన అడిగాడు, మిగిలిన ఆ తొమ్మిదిళ్ళూ ఏమైనాయమ్మా అని.

"వాళ్ళే పని వద్దన్నారు సార్" అన్నాను.

మాట బయటికొచ్చాక భాయ్ వైపు చూశాను. ఆ కరువు ఊళ్ళో పని వద్దనే ఇల్లు లేదని ఆయనకు తెలుసు. ఆయన అద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. నా గురించి చెప్పమంటే లేచి, పాప తెలివైంది అని కూర్చున్నారు. మొదటి బహుమతి నాకే వచ్చింది. గురువుకు పంగనామాలు పెట్టడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. బహుమతి ఒళ్ళో పెట్టుకొని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

మరుసటి రోజు ఆయన రాయదుర్గంలో ఆటో అన్న నోట అంతా విని, అదే ఆటో ఎక్కి ఇల్లిల్లూ తిరిగారు. డాక్టరు వద్దన్న దుమ్ములో తిరిగారు. ప్రతి గడప దగ్గరా తప్పు మాదేనని వీధికి వినపడేలా చెప్పి ఎనిమిది పేలికలు తెచ్చి మేకులకు తగిలించారు. అవ్వ ఇవ్వలేదు. ఆయన నన్ను యూనిట్‌కు పిలిపించి తొమ్మిదో మేకు చూపించి, "అది నేనడిగితే వచ్చేది గాదు. నువ్వు పోవల్ల" అన్నారు.

నేను పోలేదు. యాప్ మాత్రం మానేశాను. మంచితనంతో కాదు, ఆ పట్టిక తెరిస్తే అడుగున ఆ నెమలికంఠం పేలికే కనబడేది. తర్వాత బుక్కరాయసముద్రంలో చిన్న గది తీసుకొని, జీన్స్ గుడ్డ ముక్కలతో సంచులు కుట్టించడం మొదలుపెట్టాను. ఎనిమిదిమంది ఆడవాళ్ళు, ఎనిమిది పేలికలు, వంతులు. అంతా భాయ్ దగ్గర చూసిందే. జనం మెచ్చుకున్నారు. ఎవరైనా పేలిక అన్నప్పుడల్లా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

పోయిన ఏడాది ఎండాకాలంలో ధైర్యం చేశాను. దారాలు తీయాల్సిన సంచులు ఒక కట్ట కట్టుకొని రాయదుర్గం బస్సెక్కాను. అవ్వ పేలిక నా దగ్గర లేదు కాబట్టి నా పాత చున్నీలోంచి ఒక పేలిక చింపి కట్టాను. అవ్వ గడపలో కూర్చొని ఉంది. నన్ను గుర్తుపట్టింది. తప్పు నాదేనవ్వా అని చెప్పాను. బస్సులో వల్లించుకున్న మాటలేవీ రాలేదు, ఆ ఒక్క ముక్కే వచ్చింది. ఆమె కట్టను తడిమి చూసి, ఎన్ని దినాల్లో కావల్ల అని మాత్రం అడిగింది. నీకు వీలైనన్ని అన్నాను. పని తీసుకుంది. బస్సులో తిరిగొస్తూ, క్షమించేసిందని సంతోషంతో ఏడ్చాను.

వారానికి మళ్ళీ వెళ్ళాను. కట్ట సిద్ధంగా ఉంది. ఒక్క దారం మిగల్లేదు. కానీ దాన్ని కట్టింది పురికొసతో. అవ్వ లోపలికి పోయి నా చున్నీ పేలిక తెచ్చింది. ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టింది.

"ఇది నీది. ఎత్తుకపో" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను కట్ట చంకలో పెట్టుకొని, పేలిక చేతిలో పట్టుకొని ఆ వీధి చివరిదాకా నడిచాను. ఎండగా ఉన్నా ఆడవాళ్ళు గడపల్లో కూర్చొని దారాలు తీస్తున్నారు. ఒక్కొక్కరే తలెత్తి నా చేతిలో ఉన్నదాన్ని చూసి, మళ్ళీ తల దించుకున్నారు. ఒక్కరూ పలకరించలేదు.