కరుణమ్మ టీచర్ కెమెరా, పెన్నకొచ్చిన నీళ్లు

మొన్న పులివెందులలో ఒక రైతు ఇంటి పెళ్లి. కల్యాణ మండపం నిండా మల్లెపూల వాసన, కొత్త పట్టుచీరల గరగర. పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. అవతల నిలబడిన ఫోటోగ్రాఫర్ల చేతుల్లో కొత్తరకం కెమెరాలున్నాయి. అవి ఎన్ని బొమ్మలు తీసినా చప్పుడే ఉండదు. నేను బటన్ నొక్కితే మాత్రం లోపలి అద్దం లేచి పడి ‘చటక్’మంది. పురోహితుడు మంత్రం ఆపకుండానే ఓరగా నా వైపు చూశాడు. “అక్కా, ఈ బండను ఇంకా మోస్తాండావా? మెడ పోతాది చూసుకో” అన్నాడు వాళ్లలో ఒకతను. “నా మెడ, నా బండ. నీకేమప్పా నొప్పి?” అన్నాను. ఇద్దరమూ నవ్వుకున్నాం. కానీ ఆ చప్పుడు చెవిన పడితే నాకు ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. దాన్ని మొదటిసారి విన్నది ప్రొద్దుటూరులో, మా అంగట్లో, కరుణమ్మ టీచర్ చేతుల్లో.

మీరు ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి. గంజి పెట్టిన నూలు చీర, బిగించి చుట్టిన ముడి, చూపుతోనే బెంచీ ఎక్కించే కళ్లు. వాళ్లది ముత్తాతల కాలంలో మిషన్ బడిలో అక్షరాలు దిద్దిన కుటుంబం. అప్పటినుంచీ ఇంటికి ఒక టీచరైనా ఉండాల్సిందే. ఆమె లింగాలలో ఉద్యోగం మొదలుపెట్టి, పులివెందుల, జమ్మలమడుగు తిరిగి, చివరికి ప్రొద్దుటూరులో సోషల్ చెప్పి రిటైరైంది. ఇన్ని ఊళ్లు తిరిగింది కాబట్టి ఈ తాలూకాల్లో ఏ బస్సెక్కినా ఆమె శిష్యులు ఒకరిద్దరైనా తగిలేవాళ్లు. క్లాసులో ఆమె నవ్వగా చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. మా వీధిలో ఒకాయన, పిల్లల తండ్రి, ఆమె ఎదురొస్తే అప్పటికీ లుంగీ మడత దించుకుని గోడవారగా పోయేవాడు.

ప్రొద్దుటూరులో ఎవరి చేతికైనా నాలుగు డబ్బులొస్తే కాళ్లు వాటంతటవే బంగారు అంగళ్ల వైపు నడుస్తాయి. రిటైరైన టీచర్ గాజులు చేయించుకుంటుందనే అందరూ అనుకున్నారు. ఆమె పోయి కెమెరా కొనుక్కొచ్చింది! అదీ మామూలుది కాదు, లోపల అద్దం లేచిపడే రకం, ఫుల్ ఫ్రేమ్ డిజిటల్ ఎస్సెల్లార్. “ఈ వయసులో ఇదేం పిచ్చమ్మా” అని హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనులో తల పట్టుకున్నాడట. ఆమె తిన్నగా మా అంగడికి వచ్చింది. నేనూ మా ఆయనా జిరాక్సు అంగడి నడిపేవాళ్లం. అందులో పాస్‌పోర్టు ఫోటోలు నా వంతు. నీలం గుడ్డ ముందు స్టూలేసి, “ఈడ చూడండి. గడ్డం దించండి. చెవులు కనపడాల. నవ్వొద్దు” అనడం నా రోజువారీ జపం. నిద్రలో కూడా అవే కలవరిస్తానని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

“శైలజా, ఇది ఎత్తి చూడు” అని టీచర్ కెమెరాను గాజు బల్ల మీద పెట్టింది.

“అమ్మో, చంటిబిడ్డంత బరువుంది టీచర్!”

“చంటిబిడ్డనే అనుకుని పట్టుకో. పాత రీలు కెమెరాలో ఒక్కో బొమ్మ ఎంత ఉండేదో, దీని కడుపులో బొమ్మ పడే పలక సరిగ్గా అంత ఉండాది. అందుకే ఫుల్ ఫ్రేమ్ అంటారు. మీ అంగట్లో ఉండే డబ్బాలో అది గోరంత.” అలా పాఠం చెబుతూనే కెమెరా లాక్కుని నా మొహానికి గురిపెట్టింది. నేను అలవాటుగా నిటారుగా కూర్చుని, పెదాలు బిగించి, చెవులు కనపడేటట్టు తల సర్దుకున్నాను. చటక్! ఆమె వెనక తెర చూసి పెదవి విరిచింది. “ఆధార్ కార్డుకు బాగా పనికొస్తాది. మనిషి యాడుంది మే ఇందులో?”

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ బొమ్మను పెద్దది చేసి చూపించేసరికి కోపం మరిచి తెర మీదికి వంగాను. నా కనుపాపలో మా అంగడి తలుపు, తలుపు అవతల ఆటో, అన్నీ కనపడుతున్నాయి. ఆ రోజునుంచి సాయంత్రమైతే చాలు, మా ఆయనకు అంగడి అప్పగించి నేను ఆమె వెంట పడ్డాను. ఒకసారి ఊళ్లో ఫోటో స్టూడియో అతని దగ్గర ఒక లెన్సు అడిగి తెచ్చి బిగించి చూస్తే, బొమ్మకు నాలుగు మూలలా నల్లగా చీకటి కమ్ముకుని ఉంది. కెమెరా చెడిపోయిందని నేను గుండెలు బాదుకున్నాను. ఆమె లెన్సును తిప్పి తిప్పి చూసింది. “ఇది చిన్న పలక కెమెరాలకు చేసింది. గంగాళానికి చెంబు మూత పెడితే ఏం మూస్తాది?” అని చల్లగా విప్పేసింది. నాకు ఆ చదువంతా అట్లా ఆటలాగా వచ్చింది.

ఇంతకీ ఆ కెమెరా ఎందుకు కొన్నదో ఒకరోజు తనే చెప్పింది. “పెన్నకు నీళ్లొచ్చేటప్పుడు తీయాల. నీళ్లను కాదు. నీళ్లు కాళ్లకు తగిలేటప్పుడు మనుషుల మొహాలు తీయాల. ఇన్నేండ్లు బోర్డు మీద నీలం చాక్‌పీసుతో పెన్నానది గీసినా శైలజా. ఒక్క మొహమూ వెలగలేదు. అదే మొహాలు ఏట్లో ఎట్ల వెలుగుతాయో నాకు కావాల. ఒక్క బొమ్మ చాలు.”

మా పెన్న సంగతి ఎరగనివాళ్లకు ఇది అర్థం కాదు. చాలా కాలం అది నది కాదు, ఇసుక. వానలు బాగా పడి, పైన మైలవరం డ్యాము నిండి కిందికి వదిలితే తప్ప మాకు నీళ్లు కనపడవు. వదిలినా అవి ఒక్కసారిగా రావు. ఎండిన ఇసుకకు తాపుకుంటూ, నురగనూ ఎండుటాకులనూ కంపచెత్తనూ ముందుకు నెట్టుకుంటూ, ఒక సన్నని మొనలాగా పాకుతూ వస్తాయి. ఊళ్లకు ఊళ్లు ఎదురుపోతాయి. ఆడవాళ్లు పసుపు కుంకుమ, రవికెగుడ్డ పట్టుకుని ఆడబిడ్డ పుట్టింటికొచ్చినట్టే పిలుచుకుంటారు. ముసలివాళ్లు నీళ్లు నెత్తిన చల్లుకుంటారు. ఆ సంబరం చూడాలి గానీ చెబితే చాలదు.

నీళ్లొచ్చేలోపు చేయి తిరగాలని ఆమె కూరగాయల మార్కెట్లో సాధన మొదలుపెట్టింది. అక్కడ మొదలైంది అసలు తంటా. వంకాయలు తూచే ఆమె వైపు కెమెరా ఎత్తగానే, ఆమె తక్కెడ వదిలేసి లేచి నిలబడి “నమస్తే టీచర్!” అంది. పక్కన ఉల్లిగడ్డల ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంకొకామె కొంగు భుజాన కప్పుకుని చేతులు కట్టుకుంది. నేను పడీ పడీ నవ్వాను. టీచర్ మాత్రం మొహం గంటు పెట్టుకుంది. ఏ ఊరికి పోయినా ఇదే వరస. కెమెరాకు బెదిరేవాళ్లు వేరు, వీళ్లు ఆమెకే బెదిరేవాళ్లు.

ఆ ఏడాది వానలు దంచికొట్టాయి. ఒకరోజు పొద్దున్నే ఆమె ఫోను. “అంగడి మూసెయ్యి! నీళ్లు వదిలినారంట. జమ్మలమడుగుకు పోదాం పా!” ఎగురుకుంటూ బస్సెక్కాం. ఆమె సంచిని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి ఒకటే తొంగిచూపులు. వంతెన కింద ఇసుకలో అప్పటికే జనం బారులు తీరి ఉన్నారు. దూరాన నురగ కనపడింది. “అదిగో! వస్తాండాయి!” అని కేకలు. ఆమె నీళ్లకు ఎదురుగా పోకుండా, జనం మొహాలు కనపడేటట్టు పక్కకు పోయి, మోకాలి మీద కూర్చుని కెమెరా ఎత్తింది. నీళ్లు ఇంకో పది బారల దూరంలో ఉండగా గుంపులోంచి ఒకతను అరిచాడు. “రేయ్, కరుణమ్మ టీచర్ రా! ఫోటో తీస్తాండాది!”

అంతే. ఆ బారు బారంతా నీళ్లకు వీపు పెట్టి ఇటు తిరిగింది. చేతులు పక్కకు, పొట్టలు లోపలికి, మూతులు బిగుసుకుని. పొడుగువాళ్లు తమంతట తామే వెనక్కు పోయారు, పొట్టివాళ్లు ముందుకొచ్చారు! నీళ్లు వెనకనుంచి వచ్చి మడమలు తడిపినా ఒక్కరూ కదల్లేదు. ఇన్నేండ్లకు ఊరికి పెన్న వస్తే, వీళ్లు పదో తరగతి గ్రూపు ఫోటోకు నిలబడ్డారు.

ఆమె తీయలేదు. కెమెరా దించి ఇసుకలో కూర్చుండిపోయింది. నేను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాను. “నా బతుకంతా ఇంతే మే” అంది మెల్లగా. “భయపెడితేనే చదువుతారని భయపెట్టినా. చదివినారు, బాగుపడినారు. కానీ నా ఎదురుగా వాళ్లు వాళ్లుగా ఒక్కపూటా లేరు. నేను చూస్తే చాలు, బిగుసుకుపోతారు.” ఆమె అంత మాట అనగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ బొమ్మ దొరక్కపోతే ఈమె ఇంక కెమెరా ముట్టదని నాకు అర్థమైపోయింది.

నీళ్లు మా ఊరికి చేరేది మరుసటి రోజు. తెల్లారి ప్రొద్దుటూరు ఏట్లోకి దిగేటప్పటికే ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. కెమెరా పట్టీ తీసి నా మెడలో వేసింది.

“నువ్వు తీయ్యి. నేను గుంపులో కలుస్తా. నీకెవరూ లేచి నిలబడరులే.”

“నేనా? టీచర్, చెడగొడితే? మళ్లా నీళ్లు ఎప్పుడొస్తాయో ఏమో!”

“చెడగొడితే చెడగొట్టు. నోరు మాత్రం తెరవొద్దు. ‘ఈడ చూడండి’ అన్నావంటే తోలు ఒలుస్తా.”

కెమెరాలో అన్నీ తనే సర్దిపెట్టింది. చెప్పులు విప్పి నాకే ఇచ్చి గుంపులోకి నడిచింది. కెమెరా కదలకుండా మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించుకున్నాను. పసుపు పళ్లెం పట్టుకున్నామె ఎవరో “టీచర్, మీరూ వేస్తారా?” అని అడగడం వినపడింది. “మీరు వేయండమ్మా. నేను ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటా. నీళ్లు రెండూ తీసుకుంటాయి” అంది ఆమె. అంతలో కేక లేచింది. వచ్చె, వచ్చె, పెన్న వచ్చె!

నురగ మొన ఇసుక మీద బుసబుసమంటూ వచ్చేసింది. జనం దాని ముందు వెనక్కు వెనక్కు నడుస్తున్నారు. కెమెరా అద్దంలో మొహాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఎవరిని తీయాలో తెలియదు. నా గొంతులోకి ఆ పాడు మాటలు తన్నుకొస్తున్నాయి. నాలుక కరుచుకున్నాను. అప్పుడు ఒకామె కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, జనాన్ని దాటి, నీళ్లకే ఎదురు ఉరికింది. నీళ్లు పాదాల మీదికి ఎక్కాయి. వెనకే జనమూ ఉరికి ఆమెను చుట్టుకున్నారు. ఆమె తల వెనక్కు వాల్చి, నోరంతా తెరిచి నవ్వింది. ఎవరబ్బా ఈమె, ఇంత అందంగా ఉంది అనుకుంటూ నొక్కేశాను. చటక్! నొక్కిన తర్వాత తెలిసింది, అది టీచర్.

తడిసిన చీరతోనే వచ్చి తెర చూసింది. చూసీ చూడగానే అరిచింది. “నన్నెందుకు తీసినావు మే! నేను వాళ్లను కదా తీయమన్నది!”

“పెద్దది చేసి చూడండి టీచర్” అన్నాను. ఆమె బొమ్మను జరుపుతూ చూసింది. చుట్టూ అందరూ ఆమె శిష్యులే. ఒక్కరి చేతులూ పక్కకు లేవు, ఒక్కరి మూతీ బిగుసుకుని లేదు. ఒకామె టీచర్ భుజం పట్టుకుని వేలాడుతోంది. లుంగీ మడత దించుకుని పోయేవాడే, మా వీధి ఆయన, లుంగీ ఎగ్గట్టి టీచర్ మీదికే నీళ్లు చిమ్ముతున్నాడు. ఆమె ఒక్కో మొహం దగ్గరా ఆగింది. చివరికి తన మొహం దగ్గరికి వచ్చింది. తెరను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది.

“నేను ఇట్ల నవ్వుతానా?” అంది.

“ఔ టీచర్.”

“ఎవరూ చెప్పలేదే నాకు.”

కళ్లు తుడుచుకోవడానికి కొంగు వెతుక్కుంది. అది నీళ్లు కారుతోంది. నేనూ ఏడ్చేశాను, సంతోషం పట్టలేక. ఆమె కెమెరా మళ్లీ తన మెడలో వేసుకోలేదు. నా దగ్గరే ఉండనీ అంది. నేను పెళ్లిళ్లు ఒప్పుకోవడం మొదలుపెడితే, నా వెంట వచ్చి ముందు వరసలో కూర్చుని తప్పులు పట్టేది. ఆమె పోయినప్పుడు చర్చిలో పెట్టడానికి ఫోటో కావాలని కొడుకు అడిగితే ఆ బొమ్మే ఇచ్చాను. అతను దాన్ని చేతిలో పట్టుకుని, “మా అమ్మేనా?” అని అడిగాడు.

ఈ పనిలో ఆ ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పెళ్లికూతురి తల్లో, వంటలు చూసుకునే పెద్దమ్మో, ఎవరో ఒకరు తెరలో తమను చూసుకుని “ఇది నేనేనా?” అంటారు. నేను ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయను. “నువ్వేనమ్మా. నువ్వు ఇట్లే నవ్వుతావు” అని చెప్పేస్తాను. కరుణమ్మ టీచర్‌కు ఆ మాట అందేసరికి తల నెరిసిపోయింది.