ఇస్త్రీ చేసిన గులకరాళ్లు

కార్ల పందేల ట్రాక్‌లో మూడో మలుపు బయటి అంచున ఒక గులకరాళ్ల పరుపు ఉంది. అదుపు తప్పిన కారు ట్రాక్ దిగితే ఆ రాళ్లలో కూరుకుపోయి, అవతలి టైర్ల గోడను తాకక ముందే ఆగాలి. పరుపు వేసింది అందుకే. దాని ఆలనాపాలనా చూసే బాబాయి ఉద్దేశంలో మాత్రం అది గ్యాలరీలో కూర్చున్నవాళ్ల కంటికి ఇంపుగా ఉండటం కోసం వెలసింది. రోజూ పారతో చదును చేసి, పైన రోలరు లాగి, ఒక్క రాయి కూడా తలెత్తకుండా అణచేవాడు. అందుకే అందరూ ఆయన్ని ఇస్త్రీ బాబాయి అనేవారు. వేరే బిరుదు ఇచ్చేవాళ్లెవరూ లేక ఆయన దాన్నే సవినయంగా స్వీకరించాడు.

ఇంట్లోనూ అదే పరిపాలన. ఆయన పడుకుని లేచినా దుప్పటి నలిగేది కాదు.

"ఈయన నిద్రపోతారో, దుప్పటి మీద తేలుతారో నాకింతవరకూ అంతుబట్టలేదు," అనేది భార్య.

ట్రాక్ అంచుల్ని బాగుచెయ్యడానికి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. టైర్ల గోడను తన్ని చూసింది. రాళ్ల మీద నడిచి చూసింది. బూటు అంగుళం కూడా దిగలేదు.

"బాబాయిగారూ, ఇదేంటండీ, డాన్సు వెయ్యడానికా? కారొస్తే దీని మీద జారుకుంటూ వెళ్లి గోడకి కొట్టుకుంటుంది. తవ్వి గుల్ల చెయ్యండి."

"తవ్వితే అసహ్యంగా ఉంటుందమ్మా."

"ఉండనివ్వండి."

చెప్పినట్టే తవ్వాడు. తవ్వాక చూడలేక, ఆమె అటు వెళ్లగానే రోలరు లాగేశాడు. ఆజ్ఞ పాలించినట్టూ అయింది, పరువూ దక్కింది.

ఆయన కూతురు అదే ట్రాక్‌లో కారు పందేలు నేర్చుకుంది. మొదటి పందెం రేపనగా, భోజనాల దగ్గర తన వ్యూహం బయటపెట్టింది.

"మూడో మలుపులో బ్రేకు ఆలస్యంగా వేస్తా నాన్నా. అక్కడే ఇద్దర్ని దాటెయ్యొచ్చు."

"జారితేనో?"

"నీ గులకరాళ్లున్నాయిగా! ఆ ధైర్యంతోనే."

బాబాయి కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు. తన కళాఖండాన్ని ఇలా కూడా వాడతారన్న సంగతిని ఆయన అంతవరకూ సీరియస్‌గా తీసుకోలేదు.

తెల్లారేసరికి ఇంజనీరమ్మ వచ్చి చూస్తే, ఆయన చొక్కా తడిసి ముద్దై, పలుగుతో పరుపును కుళ్లబొడుస్తున్నాడు.

"మొన్నే తవ్వారుగా?"

"తవ్వానమ్మా. తర్వాత... కాస్త సర్దాను. ఈ పాడు చెయ్యడం చాలా, ఇంకా చెయ్యాలా?"

ఆమె తనూ ఒక పార అందుకుంది. "ఇంకా చెయ్యాలి."

పందెం మొదలయ్యే వేళకి ఆ చోటు పందులు పొర్లినట్టు తయారైంది. బాబాయి గ్యాలరీ వైపు తలెత్తలేకపోయాడు.

కూతురు బ్రేకు ఆలస్యంగానే వేసింది. ఒకర్ని దాటింది. రెండోవాణ్ణి దాటబోయి ట్రాక్ దిగింది. కారు రాళ్లు చిమ్ముకుంటూ దూసుకొచ్చి, చక్రాలు మునిగి, గోడకి ఇంకా చాలా దూరం ఉండగానే చతికిలబడింది. పిల్ల హెల్మెట్ తీసి బయటికి దూకింది. మోకాళ్ల దాకా కాకపోయినా, బూట్లు మునిగేదాకా దిగబడింది.

"నాన్నా! ఇది ట్రాకా, పొలమా? పాత పరుపైతే జారుకుంటూ మళ్లీ రోడ్డెక్కేదాన్ని!"

"గోడెక్కేదానివి," అన్నాడు బాబాయి. వంగి ఆమె బూట్లలోని రాళ్లు దులిపాడు. అవి మళ్లీ పరుపు మీదే పడ్డాయి, ఎలా పడితే అలా. సర్దలేదు.

మర్నాడు పొద్దున ఆయన లేచేసరికి దుప్పటి ఉండచుట్టుకుపోయి ఉంది. భార్య ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. దాన్నలా ఉండనీ."