ఖలాస్ అంటే ఖాళీ కాదు

నన్ను చిన్నప్పటినుంచీ అందరూ అనుమానప్పక్షి అనేవారు. కారణం లేకపోలేదు. నర్సాపురం దగ్గర మా ఇంటికి పాలవాడు గేదెను తోలుకొచ్చి గుమ్మం ముందే పితికేవాడు. పితికే ముందు చెంబు బోర్లించి చూపించాలి, అడుగున నీళ్లు పోసుకు రాలేదని. మా అమ్మ మొహమాటపడి, "చాల్లే, ఎంతకని అనుమానిస్తాం" అనేది. నేను మాత్రం గడప మీద నిలబడి "చెంబు బోర్లించు" అనేదాన్ని. పాలవాడికి నేనంటే ఒళ్లుమంట. ఉంటే ఉండనీ, మా ఇంట్లో పాలు చిక్కగా ఉండేవి.

ఆ బుద్ధితోనే దుబాయ్ వెళ్లాను. దుబాయ్ అంటే దుబాయ్ కాదు, రాస్ అల్ ఖైమా. మా వైపు వాళ్లకు ఆ దేశమంతా దుబాయే. డెబ్బయిల చివరి మాట ఇది. ఒక పెద్దాయన ఇంట్లో వంటపని. ఆయన్ని అందరం బాబా అనేవాళ్లం, ఆయన భార్యను మామా అనేవాళ్లం. ఆ ఇంట్లో ఇంకో తెలుగు మనిషి డ్రైవరు. కరీంనగర్ వైపు వాడు, నాకంటే చిన్న, నన్ను అక్కా అనేవాడు. అంతకుముందు కంపెనీ క్యాంపులో రాళ్లు మోసీ మోసీ నడుం విరగ్గొట్టుకున్నాడట. బాబా కఫీల్ అయ్యి, అంటే వీసాకు పూచీపడి, ఈ పని ఇచ్చాడు. ఇది పోతే తిన్నగా ఇంటికే. అందుకని బాబా పేరెత్తితే చాలు, కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు.

బాబాకు రెండు వేట తుపాకులుండేవి. అప్పుడప్పుడూ స్నేహితులతో కొండల్లోకి వేటకు వెళ్లేవాడు. తిరిగొచ్చాక శుక్రవారం మధ్యాహ్నం, మజ్లిస్ అనే మగవాళ్లు కూర్చునే గది ముందు వరండాలో చాప పరిచి, డ్రైవరు వాటిని శుభ్రం చేసేవాడు. ఆ పనికి గుడ్డముక్కలు నా పాత వాయిల్ చీరలవి. ఇంత మెత్తని గుడ్డ మొత్తం సూక్‌లో, అంటే వాళ్ల బజారులో, లేదని బాబా మెచ్చుకునేవాడు. నా చీరలు మా అక్కచెల్లెళ్లు కూడా అంత మెచ్చుకోలేదు. తుపాకీ వెనక ఉండే బోల్టు బయటికి లాగి, ఊచకు గుడ్డ చుట్టి, వెనకనుంచి గొట్టంలోకి తోసి, తెల్లగా బయటికొచ్చేదాకా గుడ్డలు మార్చాలి. నూనె రాశామా లేదా అన్నట్టు రాయాలి. ఎక్కువైతే ఇసుక పట్టేస్తుంది. రాయకపోతే సముద్రపు గాలికి తుప్పు. తోలు సంచుల్లో పెట్టి ఉంచకూడదు, లోపల చెమ్మ పడుతుంది. ఒకసారి నూనె అయిపోయిందని మావాడు తలకు రాసుకునే కొబ్బరినూనె రాశాడు. చలికాలం అది కాస్తా పేరుకుని బోల్టు బిగుసుకుపోయింది. బాబా వాసన చూసి, దీనికి జడ కూడా వెయ్యమన్నాడు.

శుభ్రం అయ్యాక తుపాకులు మజ్లిస్‌లోని చెక్క బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. తూటాలు వేరే, మామా గదిలో ఇనప్పెట్టెలో. తాళం వేసే ముందు బాబా లోపలినుంచి ఒకే ఒక్క మాట అడిగేవాడు: "ఖాలీ?" మొదటిసారి విన్నప్పుడు ఈయనకు తెలుగెలా వచ్చిందా అని హడలిపోయాను. వాళ్ల అరబ్బీలో కూడా ఖాళీ అంటే ఖాళీయేనట. బాగానే ఉంది. గొడవంతా జవాబులో ఉంది. మావాడు క్యాంపులో బతికినవాడు. అక్కడ అన్నం అయిపోతే ఖలాస్, పని అయిపోతే ఖలాస్, మనిషి పోయినా ఖలాస్. అందుకని ఖాలీయా అని అడిగితే వాడు "ఖలాస్, బాబా" అనేవాడు. తూటాలు ఖలాస్ అనుకుని బాబా తృప్తిపడేవాడు.

ఆ శుక్రవారం కూడా ఇదే తంతు. బాబా తాళంచెవి నా చేతికిచ్చి, తుపాకులు బీరువాలో పెట్టించమని, వెళ్లి లోపలి గదిలో కూర్చున్నాడు. నేను బీరువా తెరిచి నిలబడ్డాను. బాబా మనవరాలికి మూడేళ్లు. ఏ బీరువా తలుపు తెరిచినా అందులో దూరి దాక్కోవడం దానికి ఆట. దాన్ని ఒక చేత్తో ఆపుతూ రెండో తుపాకీని చూశాను. పైన మిలమిలా మెరుస్తోంది గానీ, దాని పక్కన మసిగుడ్డ ఒక్కటీ లేదు.

"దీని లోపల తుడిచావా?" అన్నాను.

"దాన్ని పేల్చనే లేదక్కా. పైన తుడిచిన. ఖలాస్."

"పని ఖలాస్ సరే. అది ఖాళీయేనా?"

"రెండూ ఒకటే గదా. నీకన్నీ అనుమానాలే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. పిల్లను మామా దగ్గరికి పంపించేసి, "ముందు చెంబు బోర్లించు" అన్నాను. వాడు నవ్వుకుంటూ, గొట్టం బయటి గోడవైపు తిప్పి, బోల్టు వెనక్కి లాగాడు. ఇత్తడి తూటా ఎగిరి చాప మీద పడి దొర్లింది.

వాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. బాబాకు చెప్పకు. నన్ను ఇంటికి తోల్తడు."

జాలేసింది, అబద్ధమెందుకు. వాడి నడుం సంగతీ తెలుసు, ఇంటి సంగతీ తెలుసు. కానీ ఇవాళ దాస్తే వాడు వచ్చే శుక్రవారం మళ్లీ ఖలాస్ అంటాడు. ఆ పిల్ల మళ్లీ బీరువాలో దూరుతుంది. తూటాను కాఫీ పళ్లెంలో, చిన్న కప్పుల మధ్య పెట్టి తీసుకెళ్లాను. వాడు తల వంచుకుని నా వెనకే వచ్చాడు. బాబా కప్పు అందుకోబోయి ఆగిపోయాడు. వచ్చీరాని అరబ్బీలో, సగం హిందీలో, జరిగిందంతా, చెంబు మాటతో సహా, చెప్పేశాను. ఖాళీకీ ఖలాస్‌కీ తేడా కూడా చెప్పాను, నా బోటిది ఆయనకు అరబ్బీ నేర్పుతున్నట్టు. ఆఖరున, వాణ్ణి పంపించొద్దని బతిమాలాను.

బాబా తూటాను పళ్లెంలోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"అందులో దీన్ని పెట్టింది నేను," అన్నాడు. "కొండమీద నింపాను, తియ్యడం మరిచాను. ఇతను చూడలేదు. నేనూ చూడలేదు. పంపించాలంటే ముందు నన్నే పంపించాలి."

డ్రైవరు అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను తాళంచెవి తిరిగివ్వబోతే బాబా తీసుకోలేదు.

"నీ దగ్గరే ఉంచు. ఈ ఇంట్లో ఎవరినీ నమ్మనిదానివి నువ్వొక్కదానివే."

జన్మలో నన్ను ఆ గుణానికి మెచ్చుకున్న మనిషి ఆయనొక్కడే. ఆ తాళంచెవిని మెడలో సిలువ పక్కనే దారానికి కట్టుకున్నాను. ఇంతకీ చెంబు అంటే ఏమిటని బాబా అడిగితే, పాలవాడి కథంతా చెప్పాను. కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు.

తర్వాతి వేటనుంచి వచ్చినప్పుడు నేను ఖాళీయేనా అని అడగబోయేలోపే బాబా గుమ్మం బయట ఆగిపోయాడు. గొట్టం నేలవైపు వంచి, బోల్టు వెనక్కి లాగి, తన చిటికెనవేలు లోపల పెట్టి చూసుకున్నాడు. తర్వాత నన్నూ చూడమని తుపాకీ నా ముందుకు చాచి, "చెంబు" అన్నాడు.