ఎడమచేతి మీట

2005. శామీర్‌పేట దారిలో ఒక కాలేజీలో సైకాలజీ పీహెచ్‌డీ చేస్తూ, అక్కడి ల్యాబ్ చూసుకుంటున్న రోజులు. నాకు అసలే కంగారెక్కువ. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలో బస్సు దిగి ఇంటికి పరుగెత్తిన మనిషిని. అలాంటిదాని చేతికి మనుషుల మనసులు కొలిచే పని అప్పగించారు.

మేం వాడేది ఇంప్లిసిట్ టెస్ట్. మనిషిని నేరుగా అడిగితే "నాకు అందరూ సమానమే" అంటాడు. అందుకని అడగం. కంప్యూటర్ తెర మీద ఫొటోలూ మాటలూ వరసగా వస్తుంటే ఎడమ మీటో కుడి మీటో ఆ వైపు చేత్తో గబగబా నొక్కాలి. నగరపు చెత్తంతా చేరే జవహర్‌నగర్ ఫొటోలకు ఎడమ మీట, శామీర్‌పేట ఫొటోలకు కుడి మీట. మొదటి విడతలో చెడ్డ మాటలు ఎడమకు, మంచి మాటలు కుడికి. రెండో విడతలో మాటలు తారుమారు. మంచి మాటలు జవహర్‌నగర్ మీటకు చేరినప్పుడు వేలు ఆలస్యమైతే, లోపల ఆ ఊరంటే చిన్నచూపు ఉన్నట్టు లెక్క. మా సార్ అంతకుముందు విద్యార్థుల మీద ఇదే టెస్టు చేసి, ఆ చిన్నచూపు చాలామందికి ఉందని తేల్చారు. కొత్త మనుషుల మీద మళ్లీ చేసి, ఆ ఫలితం నిలుస్తుందో లేదో చూడటాన్ని రెప్లికేషన్ అంటారు. అది నా వంతు.

మొదట్లోనే టెస్టుకు కరుణ వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం. ఇల్లు జవహర్‌నగర్‌లోనే, చెత్త డంపు పక్క బస్తీ. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పేది. చదువయ్యాక అక్కడి బడిలోనే టీచరుగా చేరతానని పాస్టరుకు మాటిచ్చింది. టెస్టు ముగియగానే ఫలితం తెర మీద పడేలా సార్ ప్రోగ్రామ్ చేయించారు. 'మీకు జవహర్‌నగర్ అంటే బాగా అయిష్టం' అని పడింది.

"గిదేంది మేడమ్? నేను పుట్టిన బస్తీ నాకే గిట్టదంటాంది?"

"ఇలాంటివి పదిమంది మీద చూడాలి కరుణా, ఒక్కరి మీద కాదు" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చింది. మొహం పీక్కుపోయింది. "పిల్లల దగ్గరికి పోతలేను మేడమ్. లోపల అసహ్యం పెట్టుకొని పైకి నవ్వుడు పాపం గాదా? బడిల గూడ చేరనని పాస్టరు గారికి చెప్పేస్త."

టెస్టు నిజమైతే ఈ పిల్లకు ఏం చెప్పాలి? అబద్ధమైతే ఆ మాట అనడానికి మేమెవరం? సార్‌తో చెబితే "నీకన్నిటికీ భయమేనమ్మా. ముందు డేటా పూర్తి చెయ్యి" అన్నారు. "పరీక్షలయ్యేదాకా పాస్టరుకు ఏమీ చెప్పకు" అని కరుణను బతిమాలాను.

ఆ దిగులుతోనే ల్యాప్‌టాప్ మోసుకుని టెస్టు చేయించడానికి మేడ్చల్ వెళ్లాను, లక్ష్మారెడ్డి గారింటికి. పాతకాలపు భూస్వామి, పొలాలను ప్లాట్లు చేసి అమ్ముతున్నారు. మొదటి విడత హుషారుగా నడిచింది. రెండో విడతలో తెర మీద 'దేవుడు' అనే మాట వచ్చింది. ఎడమ మీట నొక్కాలి. ఆయన ఎడమచేయి గాల్లోనే ఆగింది. కుడిచేయి అడ్డంగా వచ్చి ఆ మీట నొక్కింది. 'పండుగ'కూ అంతే, 'అమ్మ'కూ అంతే. మొదటి విడతలో 'రోగం' అని వచ్చినప్పుడు మాత్రం అదే ఎడమచేయి జంకలేదు.

"రెండు చేతులూ వాడాలండీ" అన్నాను.

"దేవునికి ఎడమచెయ్యెట్ల పెట్టాలె బిడ్డా? మీ ఇంట్ల గిదే నేర్పిన్రా?"

మా ఇంట్లోనూ ఎడమచేత్తో ప్రసాదం తీసుకుంటే వీపు చిట్లేది! మంచి మాటలు ఎడమకు వచ్చేది జవహర్‌నగర్‌తో కలిసిన విడతలోనే. ఆ ఆలస్యం ఊరిదా, చేతిదా? ఊళ్ల పక్కలు మార్చి కూడా చూడాలన్న మొదటి పాఠాన్ని ల్యాబ్‌లో అందరం వదిలేశాం.

ఊళ్లను అటూ ఇటూ మార్చి మళ్లీ చేశాను. జవహర్‌నగర్ కుడికి రాగానే ఆ చిన్నచూపు చాలామందిలో ఆనవాలు లేకుండా పోయింది. సార్ రెండు రోజులు ఆ లెక్కలన్నీ తనే మళ్లీ వేసి చూశారు. మూడో రోజు వచ్చి, "ఉన్నదున్నట్టు రాయి" అన్నారు.

కరుణను పిలిచి మళ్లీ చేయించాను. ఈసారి 'అయిష్టం లేదు' అని పడింది. సంతోషిస్తుందనుకున్నాను.

"ఇంకోపారి చేస్తే మల్ల మారుతదా?"

"మారొచ్చు."

"మరి గీ డబ్బా మాట విని పిల్లలను ఇడిసిపెడితి! నాకైతే తెల్వదు. మీకైన తెల్వొద్దా మేడమ్?"

తెర మీద ఫలితం పడకుండా ఆ రోజే మార్పించేశాను. ఇప్పటికీ ఎవరైనా ఒక అంకె చూపించి 'ఇదీ వీడి మనసు' అంటే, నొక్కేటప్పుడు చేతులెక్కడున్నాయని ముందు అడుగుతాను.

ఆ వేసవి తర్వాత కరుణ బడిలో చేరింది. చూడ్డానికి వెళ్లాను. ఆటో డంపు మలుపు తిరగ్గానే కంపు కొట్టింది. ముక్కు మూసుకుంటే అక్కడివాళ్లు ఏమనుకుంటారోనని బడిదాకా ఊపిరి బిగబట్టాను. గేటు దగ్గర కరుణ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఇంకో చేత్తో బడిలోని ఓ బుడ్డదాన్ని ఎత్తుకుంది.

నా మొహం చూసి పకపకా నవ్వింది. "మూసుకోన్రి మేడమ్, ఊపిరాగి సస్తరు! కంపు కంపే. మా పిల్లలు గూడ మూసుకుంటరు."

బుడ్డది నిజంగానే ముక్కు మూసుకుని నాకేసి చూస్తోంది, ఎడమచేత్తో.