పైన కర్ర చప్పుడు

కుట్టుమిషను అత్తయ్య ఏ డిటెక్టివు నవల తెచ్చుకున్నా ముందు చివరి పేజీ చదువుతుంది. హంతకుడెవరో తెలిస్తే గాని ఆవిడకి మొదటి పేజీ మింగుడు పడదు. నవలలోని ముసలావిడ పక్కింటివాళ్ల చెత్తబుట్ట చూసి హత్యల గుట్టు లాగేస్తుంటే, అత్తయ్య పెదాల మధ్య గుండుసూదులు బిగించుకుని చదువుతుంది. భయమేసే చోట మిషను తొక్కే పాదం దానంతటదే ఆగిపోతుంది. ఆ ఉదయం పాదం ఆగి చాలాసేపయ్యాక తలెత్తింది. పై వాటాలో ఒంటరిగా ఉండే టీచరమ్మ రోజూ ఆ వేళకి కర్ర పొడుచుకుంటూ గదిలో అటూ ఇటూ నడుస్తుంది. ఇవాళ చప్పుడు లేదు.

"నిద్రపోతున్నారేమో అత్తయ్యా! మీకు దగ్గినా హత్యే, తుమ్మినా హత్యే," అని కోడలు నవ్వింది. అత్తయ్య నవ్వలేదు. మెడలో కొలతల టేపుతోనే మెట్లెక్కింది. తలుపు లోపల గడియ వేసి ఉంది. ఎత్తిన చెయ్యి తలుపు దాకా వెళ్లలేదు. ముందే తిప్పి చూసుకోడానికి ఈ తలుపుకి చివరి పేజీ లేదు. గుండె దిటవు చేసుకుని తట్టింది. మళ్లీ తట్టింది.

"ఎవరది?" లోపలి గొంతు వణికింది.

"నేనే, టీచరమ్మా! కింద మిషను..."

గడియ తీసిన టీచరమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేదు. "బతికే ఉన్నావా తల్లీ! నీ మిషను చప్పుడు ఆగిపోయిందేమిటా అని, కదలకుండా చెవి ఒగ్గి నిలబడ్డాను," అంటూ అత్తయ్య చెయ్యి పట్టుకుంది.